ఏడిండ్ల బూడిద

ఆ ఏడాది, సంక్రాంతితో మొదలయ్యే తై నెల ఆఖరి శుక్రవారం మా పెరట్లోకి బూడిద రాలేదు. మా అవ్వ ఎప్పటిలాగే పొద్దున్నే పెరటి తలుపు తీసి కంచెకు వేసిన కంప పక్కన నిలబడింది. ప్రతి సంవత్సరం ఆ రోజున అక్కడ పగిలిన కుండలు, నూనె డబ్బాలు, అంచులు పోయిన తపేలాలు వరుసగా ఉండేవి. అన్నింటిలోనూ పొయ్యి బూడిద. ఆ రోజు మంచుకు తడిసిన మన్ను తప్ప ఏమీ లేదు. "ఇంకా లేచినట్టు లేరు" అంటూ అవ్వ లోపలికి వచ్చింది. కాఫీ తాగి మళ్ళీ పోయి చూసింది. ఎండ గోడ దిగి పెరటి మన్ను మీదికి వచ్చింది. మూడోసారి చూడడానికి ఆమె పోలేదు. నడవలో కూర్చుని, బూడిద జల్లించే పాత జల్లెడను ఒళ్ళో పెట్టుకుని, దాని అంచుకు చుట్టిన గుడ్డపీలికను విప్పి మళ్ళీ చుట్టింది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. బూడిద ఎందుకు రాలేదో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు, లేదా తెలుసని అనుకున్నాను. నేను రాసిన పదిహేను వాక్యాల వార్త దానికి కారణం.

పోయిన నెల మా తమ్ముడు ఫోన్ చేసి, పెరట్లో బావి పూడ్చేస్తున్నాం, చూడాలంటే రా అన్నాడు. పోయి వచ్చాను. అప్పటి నుంచి వేరే పని ముందు పెట్టుకున్నా ఆ శుక్రవారమే గుర్తుకు వస్తున్నది.

తమిళనాడులో ధర్మపురి నుంచి ఇండూరు పోయే దారిలో, ఊరు అయిపోయి చేలు మొదలయ్యే చోట మా వీధి. ఎప్పుడు వచ్చామో ఎవరికీ తెలియనంత పాతకాలం నుంచి అక్కడే ఉన్న తెలుగు ఇళ్ళు కొన్ని, తమిళ ఇళ్ళు కొన్ని. మాది మట్టిగోడల పెంకుటిల్లు. వెనక పెరడు, పెరట్లో రాతికట్టు బావి. చలి తగ్గుముఖం పడుతూనే ఆ పెరట్లో పని మొదలయ్యేది. అప్పటిదాకా కాసిన అనపతీగలు ఆకు పండి రాలిపోతుంటే అవ్వ వాటిని వేళ్ళతో సహా పెరికి కంప మీద ఆరేసేది. ఎండాక అవి వీధిలో మేకలకు. నాయన గడ్డపారతో మన్ను తిరగేసేవాడు. మా ఎర్రమట్టిలో ఎన్నేళ్ళు ఏరినా రాళ్ళు తరిగేవి కావు. ఏరి పారేసిన రాళ్ళే కంప దాటి మళ్ళీ వస్తున్నాయని అమ్మ విసుక్కునేది. తిరగేసిన మన్ను ఎనిమిది రోజులు ఎండ తాగాలి. ఆ ఎనిమిది రోజులూ అవ్వ ఎవరినీ అందులో అడుగు పెట్టనిచ్చేది కాదు. తర్వాత మేకపెంట, ఆ తర్వాత బూడిద, ఆఖరున మడులు కట్టడం. మడి వెడల్పు అవ్వ చేతులతో మూడు మూరలు. ఇటు కూర్చున్నా అటు కూర్చున్నా చెయ్యి నడిమికి అందాలి. స్నానాల గది నుంచి సబ్బు వాసన మోసుకొచ్చే సన్నటి కాలువ మూడు మడులను తడిపి అరటిచెట్టు మొదట్లో ఆగేది. అది చాలని రోజున బావిలోంచి చేదతో తోడి పోసేవాళ్ళం.

తై తర్వాత వచ్చే మాసి నెలలో మొదట చల్లేది తోటకూర. దాని మొదటి కోత మా ఇంట్లో వండేవాళ్ళు కాదు. అది వీధిలో ఏడిండ్లకు పోవాలి. అరటినారతో రెండు చుట్లు చుట్టి ముడివేసిన ఏడు కట్టలను అవ్వ తట్టలో పెట్టుకుని పోయి, ఒక్కో తిన్నె మీద ఒక్కో కట్ట పెట్టి, ఎవరినీ పిలవకుండా వచ్చేసేది. రెండో కోత నుంచి మాది. ఈ ఆచారం ఎవరు పెట్టారో ఆమెకూ తెలియదు. ఆమె అత్తగారు చేసింది, ఈమె చేసింది. ఆ కట్టకు బదులు ఎవరూ ఏమీ ఇచ్చేవాళ్ళు కాదు. తై నెల ఆఖరి శుక్రవారం మాత్రం ఆ ఏడిండ్ల పొయ్యిలోని బూడిద మా కంప పక్కకు చేరేది. ఆకు తిన్న ఇంటి పొయ్యి, ఆకు కాసిన మడికి బూడిద పెట్టాలి. అంతే లెక్క. అవ్వ ఆ రోజంతా ఎండలో కూర్చుని జల్లించేది. ఏ డబ్బా ఎవరిదో చూడకుండానే, వేళ్ళ మధ్య నలిపి చెప్పేది. చింతకట్టె బూడిద తెల్లగా, ముఖానికి పూసుకునే పౌడరులా ఉండేది. కొబ్బరిమట్టలు కాల్చే ఇంటిది నల్లటి పొరలుగా ఉండేది. పిడకలదైతే చెయ్యి పెట్టకముందే వాసన వచ్చేది. "చూడే, ఈ ఇంటి కోడలు మళ్ళీ అన్నం పొంగబెట్టినాది" అని బూడిదలోంచి మాడిన మెతుకులు ఏరి చూపించేది. వీధిలో ఎవరి ఇల్లు ఎలా సాగుతున్నదో ఆమెకు బూడిద చెప్పేది. తర్వాత పత్రికలో చేరాక మా ఎడిటర్లు వార్త ఎక్కడ దొరుకుతుందో చెబుతుంటే నాకు ఆ జల్లెడ గుర్తుకు వచ్చేది.

ఇక నీళ్ళ సంగతి. మా వైపు పుట్టిన చాలామంది నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. అది మర్యాద అనుకుని పెరిగాను. కాలేజీలో సేలం నుంచి వచ్చిన అమ్మాయి, మీ ఊళ్ళో అందరికీ పండ్ల మీద ఈ గోధుమరంగు గీతలేమిటి అని అడిగే వరకు నాకు అది అడగవలసిన సంగతి అని తెలియదు. నీళ్ళలో ఫ్లోరైడ్ అని చదువుకున్నాను. అప్పటి నుంచి ఇంటికి వచ్చి నాయనను చూస్తే వేరేగా కనిపించాడు. ఆయన మేస్త్రీ. యాభై దాటకముందే మెడ తిరగడం మానేసింది. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. గడ్డపార ఎత్తి నేలలోకి దించగలడు. అది చెయ్యి జారి కింద పడితే వంగి తీయలేడు. అలా పడినప్పుడు అక్కడే నిలబడేవాడు. అమ్మ వచ్చి తీసి చేతికిచ్చి, ఏమీ జరగనట్టు లోపలికి పోయేది.

డిగ్రీ అయ్యాక నేను ఒక తమిళ దినపత్రికకు జిల్లా పేజీలో చిన్న చిన్న వార్తలు రాసేదాన్ని. కారిమంగళం సంతలో ధరలు, బస్సు నిలవని స్టాపులు, ఊరికి పోలేని రోడ్లు. తెలుగు అక్షరాలు అప్పటికి నాకు రావు. అవి బెంగుళూరు పోయి తెలుగు పత్రికలో చేరాక నేర్చుకున్నవి. ఒక రోజు నీళ్ళ పరీక్షల గురించి రాయమన్నారు. ల్యాబుకు పోతూ మా బావి నీళ్ళు కూడా ఒక సీసాలో పట్టుకుపోయాను. సాయంత్రానికి చెప్పారు, తాగడానికి పనికిరావని. వార్తలో ఇంటి పేరు రాయలేదు. "ఇండూరు దారిలోని ఒక పాత బావి" అని రాశాను. ఇండూరు దారిలో పాత బావి ఇంకొకటి లేదని రాసేటప్పుడు నాకు తట్టలేదు. ఆ వాక్యం ఇప్పుడు నా కింద పని చేసే పిల్లలు రాస్తే నేను కొట్టేస్తాను.

పది రోజులకు సర్కారు జీపు వచ్చింది. వచ్చినవాళ్ళలో ఒకడు బావిగట్టు మీది పెద్దరాతిపై ఎర్రరంగుతో అడ్డంగా రెండు గీతలు గీశాడు. రంగు కారి గట్టు కిందికి దిగింది. పని అయ్యాక ఎండగా ఉందని తాగడానికి ఏమైనా అడిగాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. అతను గ్లాసు నోటిదాకా తీసుకుపోయి ఆపి, "ఇందులో నీళ్ళు ఏ బావివమ్మా?" అన్నాడు. అమ్మ బావి వైపు చూసింది. అతను గ్లాసు మెల్లగా తిన్నె మీద పెట్టి జీపెక్కాడు. వీధి చివర చేతిపంపును ఎవరూ పరీక్ష చేయలేదు. దానికి రంగు పడలేదు కాబట్టి అది మంచిదని అందరి నమ్మకం. మేమూ ఆ రోజు నుంచి దాని నీళ్ళే తాగాము. అవ్వ ఎర్రగీతలను చూసి నన్నేమీ అనలేదు. "తాగొద్దన్నారు, సరే. మడులకు పోస్తే ఏమి?" అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత వచ్చిన శుక్రవారమే నేను మొదట చెప్పింది. పది గంటలు దాటాక నేను ఎదురింటి రుక్కమ్మ దగ్గరికి పోయాను. అమ్మ వయసుది, నేను అత్తా అని పిలిచేదాన్ని. చేటతో కందులు చెరుగుతున్నది.

"బూడిద పెట్టలేదేమి అత్తా ఈ ఏడు?"

"గ్యాస్ వచ్చినాది కదా సుజా, బూడిద యాడిది? సర్కారు అందరికీ పొయ్యి ఇస్తాదని నువ్వే కదా పేపర్లో రాసినావు."

అదీ నేను రాసిందే. కానీ ఆమె ఇంటి వెనక నుంచి పొగ లేస్తున్నది. నేను అటు చూడడం ఆమె చూసింది.

"అది నీళ్ళు కాచుకునే పొయ్యి. ఆ బూడిద అంట్లు తోమేదానికే చాలదు."

"అవ్వ పొద్దున్నుంచి జల్లెడ పట్టుకోని కూర్చోని ఉండాది అత్తా."

రుక్కమ్మ చేతిలో చేట ఆగింది. "మా మనవరాలికి పాలపండ్లు ఊడతా ఉండాయి సుజా. వచ్చేవి తెల్లగా రావాలని ఉండదా మాకు? నీకు తెలీనిదా?" అంది. నేను చేతిని నోటి దగ్గరికి తీసుకుపోయానని తిరిగి వచ్చాకే గమనించాను. మిగతా ఆరిళ్ళకు పోయి అడగలేదు. అడిగి ఉండాల్సింది. విలేకరి చేసే మొదటి పని అదే.

రెండు రోజుల తర్వాత కంబైనల్లూరుకు పోయాను. అక్కడ మా మేనమామకు బెల్లం వండే కొట్టం ఉండేది. కాగు కింది పొయ్యిలోంచి చెరకుపిప్పి కాలిన బూడిద ఒక గోనెసంచి నిండా ఎత్తించి బస్సెక్కాను. "మూటలో ఏముందమ్మా?" అని కండక్టర్ అడిగాడు. బూడిద అన్నాను. అతను టికెట్లు చించడం ఆపి, గొంతు తగ్గించి, "పెద్దవాళ్ళా? కావేరిలో కలపడానికా?" అన్నాడు. తోటకు అని చెప్పేసరికి బస్సంతా నవ్వింది. అతను మాత్రం ఆ మూటను డ్రైవర్ వెనక, ఎవరి కాలూ తగలని చోట పెట్టించాడు.

అవ్వ గోనె మూతి విప్పి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసింది. "మంచి బూడిద. చెరకుది. మన్నుకు చాలు" అంది. ఒక పిడికెడు తీసి గాలికి వదిలి, "ఇది ఎవరింటిది అంటే ఎవరిదీ కాదు" అని జల్లెడ తీసుకుంది. ఆ ఏడాది మడులు ఆలస్యంగా కట్టాము. నాయన మన్ను తిరగేశాడు, గడ్డపార రెండుసార్లు పడింది. నేనూ అమ్మా రాళ్ళు ఏరాము. తోటకూర విత్తనం ఆవగింజలో సగం కూడా ఉండదు. ఇసుకలో కలిపి చల్లకపోతే ఒకే చోట పడుతుంది. చల్లాక చీమలు మోసుకుపోకుండా అవ్వ మడి చుట్టూ బియ్యప్పిండితో గీత గీసేది, ముగ్గు వేసినట్టు. చీమలు ఆ పిండి మోసుకునే పనిలో పడి విత్తనాన్ని వదిలేస్తాయి. ఆ గీత గీస్తూనే, నా వైపు చూడకుండా అంది:

"నీళ్ళు చెడ్డవని రాసినావు. రాయి, నాకేమీ కోపం లేదు. మీ నాయన మెడ నాకు కనపడదా? ఆకు గురించి ఏమి రాసినావు?"

"ఏమీ రాయలేదవ్వా."

"అదే. నువ్వు రాయలేదు, వాళ్ళే రాసుకున్నారు. ఇప్పుడు రాయి. తినొచ్చు అని రాయి."

"నాకు తెలీదు కదవ్వా."

"పేపర్లో ఉండావు, తెలీదా?" అని నడుం నిలబెట్టి నన్ను చూసింది. "తెలుసుకోని రాయి. తినకూడదంటే అదీ రాయి. నేను మడి కట్టేది మానేస్తాను. ఊరికే ఉంటే ఎట్ల?"

ఇరవై ఐదు రోజులకు కోతకు వచ్చింది. అంత దట్టమైన తోటకూర అంతకుముందు నేను చూడలేదు. అవ్వ ఏడు కట్టలు కట్టి తట్టలో పెట్టుకుని, ఆ ఏడాది మాత్రం తిన్నెల మీద పెట్టి రాలేదు. ఒక్కో గుమ్మం ముందు నిలబడి, పిలిచి, చేతికిచ్చింది. అందరూ తీసుకున్నారు. "ఎందుకవ్వా నీకీ కష్టం" అన్నారు. రుక్కమ్మ రెండు చేతులతో తీసుకుంది. అవ్వ ఖాళీ తట్టతో వచ్చి కాళ్ళు కడుక్కుంది. మధ్యాహ్నం నేను బస్సుకు పోతుంటే వీధి మలుపులో ఒక మేక తోటకూర నములుతున్నది. మూతి దగ్గర అరటినార వేలాడుతున్నది, రెండు చుట్లు, ముడి. ఎవరింటి కట్టో తెలియదు. ఆ మేక వీధిలో అందరిదీ. దాని నోట్లోంచి మిగిలిన సగం లాక్కుని, చేతిలో ఉన్న ఆ రోజు పేపర్లో చుట్టి, పోవలసిన చోటు మానేసి నీళ్ళు పరీక్ష చేసిన ల్యాబుకు పోయాను.

అక్కడి ఉద్యోగి మంచివాడే. నీళ్ళయితే సాయంత్రానికి చెప్పేవాళ్ళం, ఆకును ముందు కాల్చి బూడిద చెయ్యాలి, అందుకు కావలసిన సామాను ఇక్కడ లేదు, పెద్ద ల్యాబుకు పంపుతాను, రెండు వారాలు పడుతుంది అన్నాడు. ఒక చీటీ రాసి ఇచ్చాడు. ఇంటికి వచ్చి అవ్వకు మేక సంగతి చెప్పలేదు, ఆకు పరీక్షకు ఇచ్చానని మాత్రం చెప్పాను. కాల్చి చూస్తారట అంటే ఆమె చాలా రోజుల తర్వాత నవ్వింది. "అయితే ఆ బూడిదైనా అడిగి తీసుకోని రా. ఒకిల్లయినా పెట్టినట్టు ఉంటాది" అంది.

రెండో కోత ఇంట్లో వండారు. తోటకూర, కందిపప్పు, పైన వెల్లుల్లి తాలింపు. ఆ వాసన ఇప్పటికీ నాకు ఎండాకాలం మొదలయ్యే వాసనే. నాయన ఎప్పటిలాగే తిన్నాడు. అమ్మ తరువాత తింటానంది. నేను తిన్నాను. అవ్వ రెండోసారి వడ్డించబోతే చాలన్నాను. ఆమె గరిటెను అలాగే గాలిలో ఒక క్షణం పట్టుకుని గిన్నెలోకి దించింది. వీధిలో ఎవరు ఆకును మేకకు వేశారో నాకు తెలియదు. నేను చాలు అన్నది మాత్రం తెలుసు. ఆకలి తీరి అన్న మాట కాదని ఆమెకూ తెలుసు.

రెండు వారాలు పోయి నెల అయింది. ల్యాబుకు పోతే ఇంకా రాలేదన్నారు. ఎండలు ముదిరాక పోతే ఆ ఉద్యోగి బదిలీ మీద పోయాడన్నారు. అవ్వ ప్రతి శుక్రవారం అడిగేది. "ఆకు సంగతి ఏమైనాది?" రాలేదవ్వా. అడగడం నిష్ఠూరంగా ఉండేది కాదు. పోస్టుమ్యాన్‌ను అడిగినట్టు ఉండేది. తర్వాతి ఏడాది ఒక్క మడి కట్టింది. గ్యాస్ పొయ్యి మా ఇంటికీ వచ్చింది, మా ఇంటి బూడిద కూడా ఆగిపోయింది. ఆ పై సంవత్సరానికి కరివేపాకు చెట్టు, అరటి మిగిలాయి. అప్పటికి నేను బెంగుళూరులో ఉన్నాను. ఫోన్ చేస్తే ఆరోగ్యం, వానలు అయ్యాక అదే ప్రశ్న అడిగేది, నేను అదే జవాబు చెప్పేదాన్ని. ఆమె చనిపోయిన ఏడాది చివరిసారి మాట్లాడినప్పుడు అడగలేదు. నేను ఎదురు చూశాను, ఆమె అడగలేదు.

ఇప్పుడు మా వీధిలో కొళాయిల్లో నది నీళ్ళు వస్తున్నాయి. నేను పోయేసరికి బావిలోకి ఇటుకముక్కలు, మన్ను సగం దాకా పోశారు. తమ్ముడు అక్కడ రెండు గదులు కట్టి అద్దెకిస్తాడట. గట్టు రాయిని పక్కకు దొర్లించారు, ఎర్రగీతలు వెలిసి ఇటుకరంగులోకి తిరిగాయి. రుక్కమ్మ మనవరాలు ఎదురొచ్చి పలకరించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతుంది. పండ్లు తెల్లగా ఉన్నాయి. ఆకు తినకపోవడం వల్లనా, చేతిపంపు నీళ్ళు నిజంగానే మంచివి కావడం వల్లనా అని అడగడానికి నాకు ఓపిక లేకపోయింది, చెప్పగలవాళ్ళూ ఎవరూ లేరు. బెంగుళూరులో మా వీధి మొక్కల దుకాణంలో బూడిదను ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి అమ్ముతున్నారు. ఒకసారి సంచి పైనుంచే నలిపి చూశాను. ఏ కట్టెదో తెలియలేదు.

ఊరి నుంచి వచ్చాక పాత ఫైళ్ళు తీసి చూశాను. ల్యాబువాళ్ళిచ్చిన చీటీ ఉంది, తమిళంలో, నీలం సిరాతో. తెచ్చినవారి పేరు, ఊరు, కింద "తోటకూర, అర కట్ట". ఆ కింద ఫలితం అని అచ్చు వేసిన గీత ఉంది. దాని మీద ఏమీ రాసి లేదు.